ముందు రక్తం, తర్వాత సూది

డిప్రెషన్‌కు రాసిన మందుల చీటీ ఒకటి తీసి చూడండి. పైన ఎస్సిటలోప్రామ్ 10, రాత్రికి క్లోనజెపామ్ 0.5, అడుగున ఒక బి కాంప్లెక్స్. ఆ ఆఖరి వరుస గురించి ఎవరూ అడగరు. రోగి దృష్టిలో అది బలం గోళీ, రాసేవాళ్ళకు అలవాటు. షాపులో ఆ కంపెనీది లేకపోతే ఇంకో కంపెనీది చేతిలో పెడతారు, అందులో ఏం ఎంతుందో ఎవరూ పోల్చి చూడరు. నిజానికి ఆ వరుస కొందరికి అసలు మందు, చాలామందికి ఉన్నా లేకపోయినా ఒకటే, కొద్దిమందికి హాని. ఎవరు ఏ గుంపులో ఉన్నారో గోళీ మింగకముందే తేల్చుకోవచ్చు.

బి విటమిన్లు అంటే ఒక మందు కాదు. ఎనిమిది వేర్వేరు రసాయనాలు. నీళ్ళలో కరుగుతాయి, ఎంజైములకు తోడుగా నిలబడి పనిచేయిస్తాయి, వాటి మధ్య చుట్టరికం అంతవరకే. కాబట్టి "బి విటమిన్లతో మానసిక ఆరోగ్యం మెరుగు" అన్న వార్త కనిపిస్తే నాలుగు అడగాలి. ఏ బి? ఎంత మోతాదు? ఎన్నాళ్ళు? మొదలుపెట్టే రోజున ఆ మనుషుల రక్తంలో అది ఎంతుంది? పరిశోధనల ఫలితాలు ఒకదానితో ఒకటి కలవకపోవడానికి సగం కారణం ఈ నాలుగో ప్రశ్నలోనే ఉంది. కడుపు నిండినవాడికి మళ్ళీ వడ్డించి, ఆకలి తీరిందా అని అడిగితే ఏం చెబుతాడు?

బి12తో మొదలుపెడదాం, మనవాళ్ళకు ఎక్కువగా తగిలేది అదే.

"హిమోగ్లోబిన్ పన్నెండున్నర ఉంది, ఇంక బి12 ఎందుకు తగ్గుతుంది" అనే మాట ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది. 1988లో లిండెన్‌బామ్ బృందం ఈ లెక్కను తలకిందులు చేసింది. బి12 లోపం వల్ల నరాల, మనసు లక్షణాలు వచ్చిన 141 మందిని చూస్తే, వాళ్ళలో 40 మందికి రక్తహీనత లేదు, ఎర్రకణాలూ పెద్దవి కాలేదు. తిమ్మిర్లు, నడకలో తూలు, మతిమరుపు, మానసిక మార్పులు మాత్రం ఉన్నాయి. అంటే రక్తం చెడకముందే మెదడు, నరాలు దెబ్బతినొచ్చు.

మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. బి12 తగ్గితే ఎర్రకణాలు ఉబ్బుతాయి, ఇనుము తగ్గితే కుంచించుకుపోతాయి. రెండూ ఒకే మనిషిలో ఉంటే రిపోర్టులో ఎంసీవీ, అంటే కణం సగటు పరిమాణం, 85 దగ్గర చక్కగా కూర్చుంటుంది. సగటు కదా, పొడుగువాడినీ పొట్టివాడినీ కలిపి కొలిస్తే మధ్యస్థంగానే వస్తుంది. అలాంటప్పుడు పక్క వరుసలో ఆర్‌డీడబ్ల్యూ చూడాలి. అది పెరిగిందంటే కణాలు రకరకాల సైజుల్లో ఉన్నట్టు, ఎంసీవీని నమ్మి వదిలేయకూడదు.

ఎవరికి అనుమానించాలి? పాలూ పెరుగూ కూడా అంతంతమాత్రంగా తీసుకునే శాకాహారులకు, ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వాడే షుగర్ రోగులకు, పరగడుపున గ్యాస్ గోళీ వేసుకోవడం అలవాటైపోయినవాళ్ళకు, అరవై దాటినవాళ్ళకు, కడుపు ఆపరేషన్ అయినవాళ్ళకు. పప్పులో, ఆకుకూరలో, ఇడ్లీ పిండిలో దీన్ని వెతికి లాభం లేదు. పాలు, పెరుగు, గుడ్డు, చేప, కాలేయం, ఇవే దారి. రోజుకు కావలసింది రెండున్నర మైక్రోగ్రాముల లోపే. ఒంట్లో, ఎక్కువగా కాలేయంలో, 2 నుంచి 5 మి.గ్రా. దాకా నిల్వ ఉంటుంది కాబట్టి లోపం బయటపడటానికి ఏళ్ళు పడుతుంది. "నేను ఎప్పటినుంచో ఇదే తింటున్నాను, ఇన్నాళ్ళూ బాగానే ఉన్నాను కదా" అన్నది అందుకే జవాబు కాదు.

పరీక్షలో జరిగే తప్పులు చూద్దాం. మొదటిది అన్నిటికన్నా మామూలుది. నీరసమని సూది వేయించుకుంటారు, తగ్గలేదని వారం తర్వాత బి12 పరీక్ష చేయిస్తారు. ఒక్క 1000 మైక్రోగ్రాముల సూదితో రక్తంలో అంకె ఆకాశానికి వెళ్ళి వారాల తరబడి కిందికి దిగదు. రిపోర్టులో 2000 పైన అని వస్తుంది, లోపం లేదని ఫైలు మూసేస్తారు. కణాల లోపల పరిస్థితి ఏమిటో ఆ అంకె చెప్పదు. అందుకే ముందు రక్తం, తర్వాత సూది. ఆ సాయంత్రమే సూది వేయించుకున్నా పర్వాలేదు, గొట్టంలోకి రక్తం వెళితే చాలు.

రెండోది మధ్యలో పడే అంకె. మామూలుగా 200 పికోగ్రాముల కింద ఉంటే లోపమనీ, 300 పైన ఉంటే సరిపోతుందనీ తీసుకుంటారు. 240 వస్తే? అప్పుడు బి12 చాలనప్పుడు రక్తంలో పేరుకుపోయే రెండు పదార్థాలు, హోమోసిస్టీన్ గానీ, మిథైల్ మలోనిక్ యాసిడ్ గానీ చూడాలి. హోమోసిస్టీన్ 15 దాటితే పెరిగినట్టే. కానీ రక్తం తీశాక ఎర్రకణాలు దాన్ని గొట్టంలోకి వదులుతూనే ఉంటాయి. నమూనాను ఐసు మీద పెట్టాలి, గంటలోపు ప్లాస్మా వేరుచేయాలి. మండల కేంద్రంలో పొద్దున తీసిన రక్తం మధ్యాహ్నం బస్సులో ఎండన పడి హైదరాబాద్ చేరితే లేని లోపం కూడా ఉన్నట్టు కనిపిస్తుంది. పైగా ఫోలేట్, అంటే బి9, తగ్గినా, కిడ్నీలు మందగించినా, థైరాయిడ్ తగ్గినా హోమోసిస్టీన్ పెరుగుతుంది. మిథైల్ మలోనిక్ యాసిడ్‌కు అంత గందరగోళం లేదు, ముఖ్యంగా కిడ్నీయే దాన్ని తప్పుదారి పట్టిస్తుంది. ఖరీదెక్కువ, అన్నిచోట్లా చేయరు.

ఇక కాగితం లేకుండా చేసే పరీక్ష. 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్కును మోగించి కాలి బొటనవేలి ఎముక మీద ఆనిస్తారు. కళ్ళు మూసుకున్న మనిషి ఆ జుమ్మనడం ఆగిపోయిందని చెప్పిన క్షణాన డాక్టరు అదే ఫోర్కును తన వేలికి ఆనించుకుంటే ఇంకా కొన్ని సెకన్లు మోగుతూ ఉంటుంది. ఆ తేడా వెన్నుపాము వెనక భాగం గురించి చెప్పే మాట. మనోవ్యాధుల ఓపీలో రెండు నిమిషాలు పట్టని ఈ పని జరగాల్సినంతగా జరగదు.

లోపం తేలి, నరాల లేదా మనసు లక్షణాలు కూడా ఉంటే గోళీతో మొదలుపెట్టకూడదు. బ్రిటన్‌లో అనుసరించే పద్ధతి ఇది: బి12కే ఒక రూపమైన హైడ్రాక్సోకోబాలమిన్ 1000 మైక్రోగ్రాములు కండకు, రోజు విడిచి రోజు, మెరుగుదల ఆగేదాకా. ఆ తర్వాత రెండు నెలలకొకటి. లక్షణాలు లేని లోపానికి నోటి ద్వారా రోజూ 1000 మైక్రోగ్రాములు సరిపోతాయి. అందులో ఒక శాతమే తనంతట తాను పేగు దాటుతుంది, అంటే పది మైక్రోగ్రాములు, అవసరానికి నాలుగింతలు. మిథైల్‌కోబాలమిన్ గొప్పా, సయనోకోబాలమిన్ గొప్పా అన్న వాదన షాపుల్లో బాగా నడుస్తుంది. లోపలికి వెళ్ళాక రెండిటికీ తల తీసేసి మిగిలిన కోబాలమిన్‌నే కణం వాడుకుంటుంది. ఎక్కువ డబ్బు పెట్టడానికి అది కారణం కాదు.

నయం కావడానికి సమయం పడుతుంది. వారంలో రక్తకణాలు పుంజుకుంటాయి. మనసు లక్షణాలకు వారాలు, తిమ్మిర్లకు మూడు నుంచి ఆరు నెలలు. ఏడాదికి పైగా నాననిచ్చిన నరాల దెబ్బలో కొంత మిగిలిపోతుంది. ఇక్కడ రెండు ప్రమాదాలున్నాయి. బి12 లోపాన్ని కనిపెట్టకుండా ఫోలిక్ యాసిడ్, అంటే గోళీలో ఉండే ఫోలేట్, ఒక్కటే ఇస్తే రక్తం మెరుగవుతుంది, నరాలు చెడుతూనే ఉంటాయి, కుదురుతోందని అందరూ సంతోషిస్తుంటారు. రెండోది, బి12 తక్కువని తేలగానే "అయితే నాకున్నది డిప్రెషన్ కాదు, విటమిన్ తక్కువ" అని ఎస్సిటలోప్రామ్ ఆపేయడం. రెండూ కలిసి ఉండొచ్చు. లోపం పూడి మనసు కుదుటపడిందో లేదో చూశాకే ఆ మందు సంగతి, అదీ రాసిన డాక్టరుతోనే.

ఫోలిక్ యాసిడ్ దగ్గరికి వస్తే మన భీమవరం గుర్తుకు రాక తప్పదు. యల్లాప్రగడ సుబ్బారావు పుట్టిన ఊరు. స్ప్రూ జబ్బు ఆయన తోబుట్టువును బలితీసుకుంది. పేగు పోషకాలను పీల్చుకోలేని ఆ జబ్బులో తరిగిపోయేవాటిలో ఫోలేట్ ఒకటి. అమెరికాలో లెడర్లీ ల్యాబ్‌లో ఆయన నడిపిన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. అంతకుముందు 1930 ప్రాంతాల్లో లూసీ విల్స్ బొంబాయి మిల్లు కార్మిక స్త్రీలలో గర్భిణుల రక్తహీనత మార్మైట్ అనే ఈస్టు ముద్దతో కుదురుతుందని చూపింది. అందులో పనిచేసింది ఈ ఫోలేటే.

మెదడుకు దీనితో పనేమిటి? మెదడు కణాల మధ్య కబురు మోసే సెరొటోనిన్, డోపమిన్ తయారీలో ఒక మెట్టుకు టెట్రాహైడ్రోబయాప్టెరిన్ అనే తోడు పదార్థం కావాలి, దాని నిల్వకు ఫోలేట్ చక్రం తిరగాలి. అయితే రక్తం నుంచి మెదడులోకి ముఖ్యంగా దాటేది మిథైల్‌ఫోలేట్ రూపం. గోళీలోని ఫోలిక్ యాసిడ్‌ను శరీరం ముందు ఆ రూపంలోకి మార్చుకోవాలి.

కాగితం మీద ఇంత బాగుంది. ట్రయల్స్‌లో? 2000లో కాపెన్, బెయిలీ 127 మందికి డిప్రెషన్ మందు ఫ్లువాక్సెటిన్ 20 మి.గ్రా. ఇచ్చి, సగం మందికి తోడుగా 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ కలిపారు. పది వారాలకు ఆడవాళ్ళలో 94 శాతం మందికి గుణం కనిపించింది, ఉత్తుత్తి గోళీ తీసుకున్న ఆడవాళ్ళలో 61 శాతానికే. మగవాళ్ళలో తేడా రాలేదు, వాళ్ళ హోమోసిస్టీన్ కూడా తగ్గలేదు. మోతాదు చాలలేదేమో అన్నారు. సరే అని వేల్స్‌లో 475 మంది మీద 5 మి.గ్రా.తో పన్నెండు వారాల పెద్ద ట్రయల్ చేశారు, ఫలితం 2014లో వచ్చింది. లాభం లేదు. పదింతలు పోసినా ఖాళీ.

మిథైల్‌ఫోలేట్‌ది కాస్త ఆశ కలిగించే కథ. 2012లో పాపాకోస్టాస్ బృందం, మామూలు మందులకు లొంగని డిప్రెషన్ ఉన్నవాళ్ళకు తోడుగా ఇచ్చి చూసింది. 7.5 మి.గ్రా. పనిచేయలేదు. 15 మి.గ్రా. ఇచ్చిన 75 మంది ట్రయల్‌లో 32 శాతం మందికి గుణం ఇచ్చింది, ఉత్తుత్తి గోళీకి 15 శాతం. చిన్న ట్రయల్, కానీ మోతాదు విషయంలో స్పష్టంగా ఉంది. ఇప్పుడు ఇంట్లో ఉన్న స్ట్రిప్పు తిప్పి చూడండి. మిథైల్‌కోబాలమిన్‌తో కలిపి అమ్మే గోళీల్లో ఎల్-మిథైల్‌ఫోలేట్ ఎక్కువగా 1 మి.గ్రా. అనే కనిపిస్తుంది. పదిహేనుతో చేసిన ట్రయల్ పేరు చెప్పి ఒకటి అమ్మడం నాకు మింగుడుపడని విషయం.

థయమిన్, అంటే బి1, దగ్గర మాత్రం వాదనకు తావు లేదు. ఇది అత్యవసరం.

ఉత్తర సర్కారుల్లో, గంజాం నుంచి గోదావరి దాకా, బి1 లోపంతో వచ్చే బెరిబెరి ఒకప్పుడు పాతుకుపోయి ఉండేది. దంపుడు బియ్యం పోయి మిల్లు తెల్లబియ్యం వచ్చాయి. కడిగిన నీళ్ళతో కొంత, వార్చిన గంజితో కొంత, మిగిలిన బి1 కూడా పోయింది. ఉప్పుడు బియ్యం తినే దక్షిణాది జిల్లాల్లో ఆ జబ్బు తక్కువ, ఎందుకంటే వడ్లను ఉడకబెట్టినప్పుడు తవుడులోని బి1 గింజలోకి ఇంకుతుంది. ఇప్పుడు బి1 లోపం తెల్లన్నం వల్ల కన్నా తాగుడు వల్ల ఎక్కువ వస్తోంది. ఒంట్లో థయమిన్ నిల్వ 30 మి.గ్రా. చుట్టూ, తిండి మానేస్తే రెండు మూడు వారాల్లో అడుగంటుతుంది. తాగుబోతులకే కాదు, గర్భిణికి ఆగని వాంతులైనా, బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నా, చాలా రోజులు సెలైన్ మీదే ఉన్నా ఇదే ముప్పు.

బి1 లేక మెదడు దెబ్బతింటే కనిపించేవని, 1881లో వెర్నికె అనే డాక్టరు వర్ణించిన మూడు లక్షణాలు పుస్తకాల్లో ఉంటాయి: అయోమయం, కళ్ళు సరిగా తిరగకపోవడం, తూలుడు. మూడూ కలిసి కనిపించేది ఆరుగురిలో ఒకరికి మించదు. మూడూ కనబడేదాకా ఆగితే మిగతా ఐదుగురూ దాటిపోతారు. తూలుడు చూసి "ఇంకా దిగలేదు" అనుకోవడం ఇక్కడ జరిగే మామూలు పొరపాటు. అలా వైద్యం దాటిపోతే మిగిలిపోయేది కొర్సకాఫ్ జబ్బు. మనిషి చక్కగా మాట్లాడతాడు, పొద్దున ఏం తిన్నాడో గుర్తుండదు, ఆ ఖాళీని తనకే తెలియకుండా కల్పనతో నింపుతాడు. ఆసుపత్రి మంచం మీదే పది రోజులుగా ఉన్నవాడు, నిన్న తిరుపతి వెళ్ళి గుండు చేయించుకొచ్చానంటాడు. అబద్ధం ఆడుతున్నాడని ఇంట్లోవాళ్ళు కోప్పడతారు. అబద్ధం కాదది.

అనుమానం ఉంటే ఇచ్చే మోతాదు: 500 మి.గ్రా. నరం ద్వారా, రోజుకు మూడుసార్లు, రెండు మూడు రోజులు. తర్వాత రోజుకు 250 చొప్పున మూడు నుంచి ఐదు రోజులు. చేతిలో 100 మి.గ్రా. ఆంపూళ్ళు ఉంటే ఒక్కో విడతకు ఐదు పగలగొట్టి, 100 మి.లీ. సెలైన్‌లో కలిపి అరగంట ఎక్కించాలి. గబుక్కున నెట్టకూడదు, అరుదుగానైనా ఎలర్జీ రావచ్చు. ఇలాంటివాళ్ళకు థయమిన్ లేకుండా గ్లూకోజు సీసా ఒక్కటే పెట్టడం ప్రమాదం, గ్లూకోజును కాల్చడానికి ఉన్న కాస్త బి1 కూడా ఖర్చయిపోతుంది. అలాగని షుగర్ పడిపోయినవాడికి గ్లూకోజు ఆపకూడదు, రెండూ ఒకేసారి. ఎంత ఇచ్చినా కదలిక లేకపోతే మెగ్నీషియం చూడాలి, అది లేనిదే థయమిన్ ఎంజైములు నడవవు. గోళీ ఇక్కడ చాలదు, తాగుడుకు దెబ్బతిన్న పేగు లోపలికి తీసుకునేది బహు తక్కువ.

ఈ పెద్ద మోతాదుకు గట్టి ట్రయల్ ఆధారం ఉందా అంటే, లేదనే చెప్పాలి. 2022లో వచ్చిన ఒక ఆస్ట్రేలియా ట్రయల్‌లో ఎక్కువ మోతాదుకూ తక్కువ మోతాదుకూ తేడా తేలలేదు. అయినా చాలామంది పెద్దదే వాడతారు. ఇవ్వడంలో ముప్పు తక్కువ, ఇవ్వకపోతే పోయిన జ్ఞాపకం తిరిగి రాదు.

నయాసిన్, అంటే బి3, విషయంలో హైదరాబాద్‌కు సొంత అధ్యాయం ఉంది. నయాసిన్ లోపంతో వచ్చే పెల్లాగ్రా మొక్కజొన్న తినేవాళ్ళ జబ్బని ప్రపంచం అనుకుంటున్నప్పుడు, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థకు దక్కన్ జొన్నరొట్టె తినే కూలీలు అవే లక్షణాలతో కనిపించారు: ఎండ తగిలినచోట నల్లగా పెచ్చులు కట్టిన చర్మం, విరేచనాలు, దిగులు, మతిభ్రమణం. జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ కావడం కారణం కావచ్చని గోపాలన్, శ్రీకంఠయ్య 1960లో రాశారు. దాని మీద తర్వాత వాదోపవాదాలు నడిచాయి. వైద్యం మీద వాదం లేదు: బి3కే ఇంకో రూపమైన నికోటినమైడ్ రోజుకు 300 మి.గ్రా., విడతలుగా, మూడు నాలుగు వారాలు. మతి తప్పినట్టున్న మనిషి రోజుల్లో తేరుకోవచ్చు. ఈ విజయం చూసే కెనడాలో హాఫర్, ఆస్మండ్ 1950ల్లో స్కిజోఫ్రెనియాకు గ్రాముల లెక్కన నయాసిన్ ఇచ్చారు. తర్వాత అక్కడే జాగ్రత్తగా చేసిన ట్రయల్స్‌లో అది నిలబడలేదు. పెల్లాగ్రాకు మందైనంత మాత్రాన పెల్లాగ్రాలా కనిపించే ప్రతిదానికీ మందు కాదు. ఇప్పటికీ దీన్ని మరిచిపోకూడని చోటు ఒకటుంది. థయమిన్ బాగా పడినా అయోమయం వీడని తాగుడు రోగి చేతుల పైభాగం, మెడ చుట్టూ చర్మం చూడండి.

స్కిజోఫ్రెనియాలో బి విటమిన్ల మాట పూర్తిగా ముగిసిపోలేదు. 2017లో ఫర్త్ బృందం 18 ట్రయల్స్, 832 మంది వివరాలు కూడితే, మామూలు మందులకు తోడుగా పెద్ద మోతాదు బి విటమిన్లు ఇచ్చినచోట లక్షణాలు కొంత తగ్గాయి, జబ్బు కొత్తగా ఉన్నవాళ్ళలో ఎక్కువగా. అయితే కొత్త రోగుల మీదే పరీక్షిద్దామని మెల్‌బోర్న్‌లో 120 మందికి బి12, బి6, 5 మి.గ్రా. ఫోలిక్ యాసిడ్ పన్నెండు వారాలు ఇస్తే 2019లో తేలింది: లక్షణాల్లో తేడా లేదు. అంతకుముందు 2013లో రాఫ్‌మన్ ట్రయల్‌లో ఫోలేట్ జన్యువుల తేడా లెక్కలోకి తీసుకున్నప్పుడే లాభం కనిపించింది. నా ఉద్దేశంలో ముందు ముందు పనికొచ్చే దారి ఇదే, అందరికీ పంచడం కాదు, ఎవరికి పనిచేస్తుందో వెతకడం.

బి6 గురించి హెచ్చరికే ఎక్కువ చెప్పాలి. టీబీకి ఐసోనియాజిడ్ వాడేవాళ్ళకు ఇది తప్పనిసరి తోడు, రోజుకు 10 నుంచి 25 మి.గ్రా. లేకపోతే కాళ్ళ తిమ్మిర్లే కాదు, కొందరికి మతి చలించడం కూడా ఉంటుంది. 2022లో బ్రిటన్‌లో రెడింగ్ విశ్వవిద్యాలయం వాళ్ళు 478 మంది యువతతో చేసిన పనిలో రోజుకు 100 మి.గ్రా. తీసుకున్నవాళ్ళు ఆందోళన కొంత తగ్గిందన్నారు. వార్తల్లోకెక్కింది ఆ వాక్యమే. 1983లోనే రోజుకు 2 నుంచి 6 గ్రాములు తిన్న ఏడుగురికి నడవలేనంతగా నరాలు దెబ్బతిన్న సంగతి రికార్డులో ఉంది. అమెరికా గరిష్ఠ పరిమితి 100 మి.గ్రా. యూరప్ 2023లో తన పరిమితిని 12కు దించింది. మన షాపుల్లో నరాల గోళీలంటూ అమ్మేవాటి మీద బి6 అంకె వెతకండి, రెండు మూడు రకాలు వాడుతుంటే కూడండి. తిమ్మిర్లకని వేసుకున్న గోళీ తిమ్మిర్లు తెచ్చి, అవి పెరిగాయని మోతాదు పెంచితే ఆ చక్రం ఎక్కడ ఆగుతుంది? ఫిట్స్‌కు ఫెనిటాయిన్ వాడేవాళ్ళు మరీ జాగ్రత్త. బి6 గానీ ఫోలిక్ యాసిడ్ గానీ పెద్ద మోతాదులో పడితే రక్తంలో ఆ మందు తగ్గి ఫిట్స్ తిరగబెట్టొచ్చు.

ఇంకొకటి. జుట్టు రాలుతోందని వేసుకునే బయోటిన్, బి7. గోళీకి 5 లేదా 10 మి.గ్రా. ఉంటుంది. అవసరం మైక్రోగ్రాముల్లోనే. డిప్రెషన్ అనగానే చేయించే మొదటి రక్తపరీక్షల్లో థైరాయిడ్ ఒకటి. చాలా ల్యాబ్ యంత్రాలు ఆ పరీక్షలో బయోటిన్‌నే గాలంగా వాడతాయి. రక్తంలో అదనంగా ఉన్న బయోటిన్ దానికి అడ్డుపడి టీఎస్‌హెచ్‌ను తక్కువగా, టీ4ను ఎక్కువగా చూపిస్తుంది. థైరాయిడ్ మందకొడిగా ఉండి దిగులుపడుతున్న మనిషికి థైరాయిడ్ ఎక్కువైందని రిపోర్టు వస్తుంది. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపండి. ఆపడం మరిచిపోతే, సూది గుచ్చేముందే ల్యాబ్ అబ్బాయికి చెప్పి, రెండు రోజులాగి రండి.